స్పినోజాకు సైన్సుతో నిజంగా పనుందా? అద్దాలు, సురేకారం, జ్యామితి

పుస్తకాలపురుగు:
అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో డచ్చి తత్త్వవేత్త స్పినోజా ‘ఎథిక్స్’ ఉంది. పుస్తకమంతా యూక్లిడ్ పద్ధతిలో నడుస్తుంది. ముందు నిర్వచనాలు, స్వీకృతాలు, తరువాత ప్రతిపాదన, దాని కింద ఉపపత్తి. క్లాసులో మాకు చెప్పిందేమిటంటే, ఈ లెక్కల రూపం ఒట్టి వేషమేనట. ఆయనకు సైన్సుతో గానీ గణితంతో గానీ పెద్దగా సంబంధం లేదట. కటకాలు అరగదీయడం పొట్టకూటి కోసం చేసిన పని, దానికీ తత్త్వానికీ లంకె పెట్టకూడదన్నారు.

నాకు అది మింగుడు పడటం లేదు. 1632లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, 1677లో హేగ్‌లో పోయిన మనిషి. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ప్రభావం మంచి ఊపు మీదున్న కాలం. చుట్టూ హైగెన్స్, బాయిల్ లాంటి శాస్త్రవేత్తలు, తత్త్వమూ గణితమూ తెలిసిన లైబ్నిజ్ ఉన్నారు. వాళ్లతో ఉత్తర ప్రత్యుత్తరాలూ రాకపోకలూ ఉన్నవాడికి సైన్సు పట్టకుండా ఉంటుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. సెమినార్ పేపర్ కూడా దీని మీదే రాద్దామనుకుంటున్నాను.

కటకం:
‘పొట్టకూటి పని’ అని తీసిపారేసిన చోటే నాకు అభ్యంతరం. నేను విజయవాడలో ఆప్టికల్ ల్యాబ్‌లో సర్ఫేసింగ్ సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాను. ఆ పని ఎలా ఉంటుందో చెబితే మీకే తెలుస్తుంది.

కటకానికి ఎంత వంపు కావాలో అంత వంపున్న లోహపు గిన్నె ముందు తయారు కావాలి. అందులో గరుకు పొడి, నీళ్లు వేసి గాజు బిళ్లను తిప్పుతూ అరగదీయాలి. తరువాత ఇంకా సన్నని పొడి, ఆ తరువాత ఇంకా సన్ననిది. ఒక పొడి నుంచి మరో పొడికి మారేటప్పుడు గిన్నె, బిళ్ల, చేతులు శుభ్రంగా కడగాలి. పాత పొడి రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుంది, మళ్లీ మొదటికే. ఆఖరున పాలిష్. అసలు కష్టమంతా అక్కడే. మెరుపు రావాలని ఎక్కువసేపు పడితే అంచుల దగ్గర వంపు చెడిపోతుంది. గాజు చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, బొమ్మ మాత్రం మసకగా వస్తుంది. ఇప్పుడైతే మెషీన్లు, కొలత పరికరాలు ఉన్నాయి. 1660ల్లో ఇదంతా చేత్తో, కంటితో చేయాలి.

ఈ పనిలో స్పినోజా ఏ స్థాయివాడో హైగెన్స్ మాటల్లోనే ఉంది. 1667లో పారిస్ నుంచి అన్నకు రాస్తూ, ఫోర్‌బుర్హ్‌లో ఉన్న ఆ యూదుడి (అంటే స్పినోజా) చిన్న కటకాల నునుపు చాలా బాగుంటుందని మెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది ఇంకో మాట రాశాడు. మైక్రోస్కోపుకు చిన్న వస్తుకటకాలే వస్తువును స్పష్టంగా చూపిస్తాయని స్పినోజా అంటున్నది అనుభవంలో నిజమేనని తేలిందని. హైగెన్స్ మామూలు మనిషి కాదు, స్వయంగా అన్నతో... అంటే అన్నదమ్ములిద్దరూ కలిసి కటకాలు చేసుకున్నవాళ్లు. అలాంటివాడు ఊరికే మెచ్చుకోడు.

హైగెన్స్ కటకాలు అరగదీసే యంత్రం తయారు చేయిస్తుంటే, స్పినోజా 1665లో లండన్‌కు రాసిన ఉత్తరంలో, గోళాకార గిన్నెల్లో ఏ యంత్రం కన్నా చేత్తోనే బాగా, భద్రంగా పాలిష్ వస్తుందని అనుభవం నేర్పిందన్నాడు. ఈ మాట గిన్నె మీద వంగి కూర్చున్నవాడే రాయగలడు.

గోదారిగట్టు:
కటకం గారూ, పనితనానికి దండం. కానీ చేతిపని వేరు, శాస్త్రం వేరు కదండీ. నేను మెకానికల్ ఇంజనీర్‌ని, టర్నర్ల పనితనం రోజూ చూస్తాను, వాళ్ల మీద నాకు గౌరవం. అయినా అది ఫిజిక్స్ అనను. హైగెన్స్ టైటాన్ ఉపగ్రహాన్ని కనిపెట్టాడు, శనికి వలయం ఉందని చెప్పాడు, లోలకం గడియారం చేశాడు. బాయిల్ పేరు మీద వాయు నియమం ఉంది. స్పినోజా పేరు మీద సైన్సు పుస్తకాల్లో ఏముంది? ఒక్క సూత్రం చూపించండి.

సురేకారం:
సూత్రం లేదు. కానీ ‘సూత్రం లేదు కాబట్టి సైన్సు పట్టలేదు’ అనడం కుదరదు. నేను కెమిస్ట్రీ చెబుతాను. నా పేరు చూసే ఉంటారు, ఈ కథంటే నాకు అంత ఇష్టం.

1661 జులైలో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ రైన్స్‌బుర్హ్ వెళ్లి స్పినోజాను కలిశాడు. త్వరలోనే లండన్ రాయల్ సొసైటీకి కార్యదర్శి అయినవాడు ఈయనే. తిరిగి వెళ్లాక బాయిల్ వ్యాసాల పుస్తకం పంపించి అభిప్రాయం చెప్పమన్నాడు. అందులో సురేకారం మీద ఒక ప్రయోగం ఉంది. సురేకారమంటే మందుగుండుకు వాడే పెట్లుప్పు, పొటాషియం నైట్రేట్. ఆ కాలంలో బీహారు నుంచి డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు ఓడల్లో యూరప్‌కు తీసుకుపోయిన సరుకు కూడా.

బాయిల్ ఏం చేశాడంటే, సురేకారాన్ని మూసలో కరిగించి, అందులో మండుతున్న బొగ్గు వేశాడు. భగ్గున మండింది. మంట రావడం ఆగేదాకా బొగ్గు వేస్తూ పోయాడు. అడుగున మిగిలిన దాన్ని ‘స్థిర సురేకారం’ అన్నారు. దాని మీద ‘సురేకార సారం’ చుక్కలు చుక్కలుగా పోశాడు. పొంగు ఆగిపోయాక నీరు ఇగరనిస్తే మళ్లీ సురేకారం స్ఫటికాలు వచ్చాయి. విడదీశాడు, మళ్లీ కలిపాడు. కాబట్టి సురేకారం రెండు వేర్వేరు పదార్థాల కూర్పు అన్నాడు.

స్పినోజా ఒప్పుకోలేదు. 1662 ప్రాంతంలో రాసిన సుదీర్ఘమైన జవాబులో, సారమూ సురేకారమూ ఒకటే పదార్థం అన్నాడు. రేణువులు చలనంలో ఉంటే సారం, నిశ్చలంగా ఉంటే సురేకారం. అడుగున మిగిలింది మలినం మాత్రమే. మరి రుచి ఎందుకు తేడాగా ఉంది? దానికీ ఒక జవాబు ఇచ్చాడు. కదలని రేణువులు నాలుక మీద వెడల్పుగా పడుకుని రంధ్రాలు మూసేస్తాయి. కదిలే రేణువులు మొనతో గుచ్చుకుంటాయి. సూది మొన తగిలితే ఒక స్పర్శ, పొడుగ్గా ఆనితే ఇంకో స్పర్శ కదా అంటాడు.

ఇక్కడితో ఆగలేదు, తానూ ప్రయోగాలు చేశాడు. మండుతున్న సురేకారం పొగను చల్లని గాజుపాత్రలో పట్టి, అది తడిసేదాకా ఉంచి, తరువాత గాలికి ఆరనిచ్చాడు. పాత్ర గోడల మీద అక్కడక్కడ సన్నని సురేకారపు సూదులు కనిపించాయి. చూశారా, మంటలో పోయింది కూడా సురేకారమే అని తన వాదన.

ఈనాటి కెమిస్ట్రీ ఏమంటుంది? అడుగున మిగిలింది మలినం కాదు, పొటాషియం కార్బొనేట్. సురేకారంలోని పొటాషియం, బొగ్గులోని కార్బన్ కలిస్తే వచ్చింది. నత్రజని వాయువుగా పోయింది. సారం అంటే నైట్రిక్ ఆమ్లం. అది పోస్తే కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది, పొటాషియం నైట్రేట్ తిరిగి వస్తుంది. అంటే ఇది ఒకే పదార్థం కాదు అన్న విషయంలో బాయిల్‌దే పైచేయి. అయితే బొగ్గు కేవలం నిప్పు పెట్టి ఊరుకోలేదు, తానూ పదార్థంలో చేరింది. ఆ సంగతి ఇద్దరి లెక్కలోకీ రాలేదు.

(ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి. ల్యాబ్‌లో కూడా పిల్లలతో చేయించను.)

పుస్తకాలపురుగు:
మాష్టారూ, చాలా థాంక్స్. అంటే స్పినోజా తప్పు, బాయిల్ ఒప్పు అని రాసేయవచ్చా?

నీలిసిరా:
అలా రాస్తే సగం కథే అవుతుంది తల్లీ. పదార్థం ఏమిటి అన్న ప్రశ్నలో స్పినోజా ఓడిపోయాడు, నిజం. కానీ ఆ ఉత్తరాల్లో అసలు గొడవ ఇంకొకటి ఉంది. ఒక ప్రయోగం దేన్ని రుజువు చేస్తుంది?

బాయిల్ తరఫున ఓల్డెన్‌బర్గ్ 1663లో జవాబు రాశాడు. బాయిల్ ఉద్దేశం సురేకారాన్ని పూర్తిగా విశ్లేషించడం కాదని, వస్తువుల గుణాలను పాతకాలపు ‘సార రూపాల’తో వివరించే పద్ధతి పనికిరాదని చూపించడమేనని. దానికి 1663 జులైలో స్పినోజా తిరుగుజవాబు ఘాటుగానే ఉంది. అంత చిన్న సంగతికి ఇంత శ్రమ ఎందుకు, బేకన్, డెకార్ట్ దాన్ని ఎప్పుడో చూపించారు కదా అన్నట్టుగా రాశాడు. తన ఊహ కూడా అదే ప్రయోగంతో పొసగుతోంది కదా, మరి బాయిల్ ఊహే నిజమని ఆ ప్రయోగం ఎలా తేల్చింది అని నిలదీశాడు. ఈ ప్రశ్న ఇప్పటికీ బలమైనదే.

మొదటి ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. వస్తువులు అనంతంగా విభజన చెందుతాయన్నది రసాయన ప్రయోగాలతో గానీ మరే ప్రయోగాలతో గానీ ఎవరూ రుజువు చేయలేరు, యుక్తితో, లెక్కతోనే కుదురుతుందని. ఈ వాక్యం చూపించి, ప్రయోగాన్ని చులకన చేసిన మనిషి అని చాలామంది ముద్ర వేశారు. నేను ఒప్పుకోను. 1667లో జరిగిన సంగతి చూడండి.

హేగ్‌లో హెల్వెటియస్ అనే వైద్యుడు సీసాన్ని బంగారం చేశాడని పుకారు వచ్చింది. స్పినోజా దాని గురించి ఫోసియుస్ అనే పండితుడిని అడిగితే ఆయన పకపకా నవ్వి, ఇలాంటి పిచ్చి ప్రశ్న అడిగావేమిటని ఆశ్చర్యపోయాడు. స్పినోజా అక్కడితో ఊరుకోలేదు. ఆ బంగారాన్ని పరీక్షించిన కంసాలి దగ్గరకు స్వయంగా వెళ్లాడు. కరిగించి, వెండితో కలిపి వేరుచేసేటప్పుడు బంగారం బరువు పెరిగిందని అతను చెప్పాడు. తరువాత హెల్వెటియస్ ఇంటికే వెళ్లాడు. ఆయన బంగారాన్నీ, లోపలి గోడలకు ఇంకా బంగారం పట్టి ఉన్న మూసనూ చూపించాడు. కరిగిన సీసంలో వేసింది ఆవగింజంత కూడా లేదన్నాడు. ఇదంతా స్నేహితుడు యారిగ్ యెల్లెస్‌కు రాసి, నేను తెలుసుకోగలిగింది ఇంతే అన్నాడు. నమ్మానని అనలేదు, అబద్ధమనీ అనలేదు. పండితుడు నవ్వి ఊరుకున్న చోట ఈయన మూసలోకి తొంగి చూసి వచ్చాడు. ఆ యెల్లెస్‌కే 1669లో గొట్టాల్లో నీటి మీద తాను చేసిన ప్రయోగం గురించి కూడా రాశాడు.

గోదారిగట్టు:
బంగారం సంగతి నాకు తెలియదు, బాగుంది. సరే, మనిషికి కుతూహలం ఉంది, చేతులు ఉన్నాయి, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ శతాబ్దంలో అసలైన పరీక్ష చలన నియమాలు. గెలీలియో తరువాత ఎవరికి ఫిజిక్స్ తెలుసో అక్కడ తేలిపోతుంది. డెకార్ట్ 1644లో ఇచ్చిన అభిఘాత నియమాలు (వస్తువులు ఢీకొంటే ఏమవుతుందో చెప్పేవి) ఏడూ చదివాను, ఇంజనీరింగ్ ఫస్టియర్ పిల్లాడు కూడా తప్పులు పడతాడు. చిన్న వస్తువు ఎంత వేగంగా వచ్చి తగిలినా, నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువు కదలదట! స్పినోజా వీటిని ఏమన్నాడు?

త్రైరాశికం:
గట్టు అన్నా, సరైన చోట పట్టుకున్నావ్. ఇక్కడ స్పినోజా ఇబ్బందిలో పడ్డ మాట నిజమే.

1665 నవంబరు ఉత్తరంలో ఓల్డెన్‌బర్గ్‌కు సరిదిద్దుతూ రాస్తాడు. డెకార్ట్ నియమాలు దాదాపు అన్నీ తప్పని నేను అన్నట్టు రాశారు, అది హైగెన్స్ అభిప్రాయం. నేను తప్పన్నది ఆరో నియమం ఒక్కదాన్నే, దాని విషయంలో హైగెన్స్ కూడా పొరబడ్డాడని నా ఉద్దేశం అని. ఎందుకో మాత్రం ఆ ఉత్తరంలో వివరించలేదు.

ఆరో నియమం ఇది. ఒకే పరిమాణం ఉన్న రెండు వస్తువులు, ఒకటి నిలిచి ఉంది, రెండోది 4 పాళ్ల వేగంతో వచ్చి తగిలింది. డెకార్ట్ లెక్క ప్రకారం వచ్చినది 1 పాలు వేగం ఇచ్చేసి, 3 పాళ్లతో వెనక్కి తిరుగుతుంది. క్యారమ్ బోర్డు మీద ఒకే బరువున్న రెండు స్ట్రైకర్లతో చూడండి. ఎదురెదురుగా సూటిగా కొడితే వచ్చినది దాదాపు అక్కడే ఆగిపోతుంది, నిలిచి ఉన్నది ఆ వేగంతో పోతుంది. హైగెన్స్ చెప్పింది సరిగ్గా ఇదే.

హైగెన్స్ దాన్ని రాబట్టిన తీరు నాకు ఎంతో ఇష్టం. కాలువలో సాఫీగా పోతున్న పడవలో ఒకడు రెండు సమాన గోళాలను సమాన వేగాలతో ఢీకొట్టిస్తాడు. వాడికి రెండూ అదే వేగంతో వెనక్కి తిరుగుతాయి. ఇప్పుడు పడవ వేగం కూడా అంతే అనుకోండి. గట్టు మీద నిలబడి చూసేవాడికి ఒక గోళం మొదట నిలిచే ఉంది, రెండోది రెట్టింపు వేగంతో వచ్చి తగిలి ఆగిపోయింది, మొదటిది ఆ రెట్టింపు వేగంతో పోయింది. సంఘటన ఒక్కటే, చూసే చోటు మారింది అంతే. ఆరో నియమం అక్కడికక్కడే కూలిపోతుంది. చలనమూ నిశ్చలతా ఒకదానికొకటి ఎదురు స్థితులని పట్టుకున్నందువల్ల డెకార్ట్ ఇక్కడ బోల్తా పడ్డాడు. స్పినోజా కూడా ‘చలనం, నిశ్చలత’ అనే జంటను తన భౌతికశాస్త్రానికి పునాదిగా పెట్టుకున్నాడు. ఆ ఇబ్బంది అందుకే అని నా అభిప్రాయం.

నీలిసిరా:
దీనికి లైబ్నిజ్ సాక్ష్యం కూడా కలపండి. 1676 నవంబరులో హేగ్ వెళ్లి స్పినోజాతో మాట్లాడాడు. డెకార్ట్ చలన నియమాల్లో లోపాలు స్పినోజాకు సరిగా కనిపించలేదని, కారణమూ ఫలితమూ సమానంగా ఉండాలన్న సూత్రాన్ని అవి ఉల్లంఘిస్తాయని తాను చూపిస్తుంటే ఆశ్చర్యపోయాడని రాసుకున్నాడు. లైబ్నిజ్ ఈ విషయంలో తన గొప్ప కొంత చెప్పుకునే రకమే, అయినా త్రైరాశికం గారు చెప్పిన 1665 ఉత్తరంతో ఇది సరిపోతోంది.

కానీ అదే 1676లో స్పినోజా ఎంత దూరం వచ్చాడో కూడా చూడాలి. మే 5న చిర్న్‌హౌస్ అనే జర్మన్ మిత్రుడికి రాసిన ఉత్తరంలో, డెకార్ట్ అనుకున్నట్టు పదార్థాన్ని కదలిక లేని ఒట్టి విస్తారంగా (చోటు ఆక్రమించే గుణంగా) తీసుకుంటే దాని నుంచి వస్తువులు ఉన్నాయని రాబట్టడం కష్టమే కాదు, అసాధ్యం అన్నాడు. నిశ్చలంగా ఉన్నది నిశ్చలంగానే ఉండిపోతుంది, బయటి నుంచి మరింత బలమైన కారణం వచ్చి కదిలిస్తే తప్ప. కాబట్టి డెకార్ట్ ప్రకృతి సూత్రాలు పనికిరానివి, అసంబద్ధమనే అనాలి అంటాడు. ఏడు నియమాల్లో ఏది తప్పు అన్న లెక్క దగ్గర తడబడినవాడు, పదార్థంలోనే చలనం ఉండాలన్న మూలం దగ్గర డెకార్ట్‌ను దాటిపోయాడు. నాకు ఇదే స్పినోజా అసలు బలం అనిపిస్తుంది.

కటకం:
నేను మళ్లీ నా అద్దాల దగ్గరకే వస్తాను, ఏమనుకోకండి. డెకార్ట్ 1637లో దృష్టిశాస్త్రం రాసి, గోళాకార కటకాలు కిరణాలన్నిటినీ ఒక్క బిందువు దగ్గర చేర్చవు కాబట్టి అతిపరావలయం వంపు కటకాలు కావాలన్నాడు. కాగితం మీద అది సరైన లెక్కే. స్పినోజా 1667 మార్చిలో యెల్లెస్‌కు రాస్తూ వృత్తం వైపు వాదించాడు. వృత్తం అన్ని వైపులా ఒకేలా ఉంటుంది, అందుకే ఏ దిక్కు నుంచి వచ్చిన కిరణాలనైనా ఒకే తీరుగా చూసుకుంటుంది, వేరే వంపులకు ఆ గుణం లేదని.

పుస్తకం ప్రకారం గోళాకార దోషం ఉంది, దాన్ని ఆయన తక్కువగా లెక్కేశాడు. పని ప్రకారం చూస్తే మాత్రం గోళాకారమే ఆ రోజుల్లో సాధ్యమైన వంపు. గిన్నెలో బిళ్లను ఎటు తిప్పినా, ఎలా జరిపినా గోళాకారం తనంతట తానే కుదురుతుంది. వేరే వంపు రావాలంటే చేతికి ఆ స్వేచ్ఛ ఉండదు. డెకార్ట్ చెప్పిన కటకాలను చేయబోయిన పనివాళ్లకు అవి సరిగా రాలేదు. హుడ్డే అనే డచ్చి గణితజ్ఞుడికి స్పినోజా 1666లో రాసిన ఉత్తరంలో ఏ ఆకారం కటకం మేలు అని వక్రీభవనం లెక్కలు వేసి, తనకు కొత్త గిన్నెలు చేయించుకోవాలని ఉంది, సలహా చెప్పమన్నాడు. లెక్కా పనిముట్టూ ఒకే ఉత్తరంలో! ఇది పొట్టకూటి మనిషి ఉత్తరమా?

గాజుపొడి సంగతి కూడా ఒక మాట. ఊపిరితిత్తుల జబ్బుతో 44 ఏళ్లకే పోయాడు. పొడి పీల్చడం వల్లే అని గట్టిగా చెప్పలేం గానీ మంచి మాత్రం చేసి ఉండదు. మా దగ్గర కూడా మాస్కు లేకుండా గ్రైండింగ్ దగ్గర కూర్చునేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పుస్తకాలపురుగు:
కటకం గారూ, ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు. థాంక్స్ అండి. ఇక గణితం సంగతి? ఇంద్రధనుస్సు మీద, సంభావ్యత మీద స్పినోజా చిన్న పుస్తకాలు రాశాడని ఒకచోట చదివాను.

త్రైరాశికం:
ఆ రెండూ ఆయన పోయాక 1687లో పేరు లేకుండా అచ్చయినవి. చాలాకాలం ఆయన ఖాతాలో వేశారు, ఇప్పుడు చాలామంది పరిశోధకులు ఆయనవి కావంటారు. సెమినార్‌లో వాటిని వదిలెయ్, ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే ఇరుక్కుంటావ్.

ఖాయంగా ఆయనవే అయినవి చాలు. 1666 అక్టోబరులో వాన్ డెర్ మేర్ అనే అతనికి జూదం లెక్క చెబుతూ రాసిన ఉత్తరం ఉంది. ఆటగాడు పెట్టిన పందెం, గెలవడానికి వాడికున్న అవకాశం విలువ సమానంగా ఉంటేనే ఆట న్యాయమైనదని వివరిస్తాడు. హైగెన్స్ పాచికల లెక్కల పుస్తకం 1657లోనే వచ్చింది కాబట్టి కొత్త సంగతి కాదు, కానీ విషయం వంటబట్టిందని తెలుస్తుంది.

‘ఎథిక్స్’ రెండో భాగంలో ఉన్న ఉదాహరణ నాకు ప్రాణం. మూడు సంఖ్యలు ఇచ్చారు, నాలుగోది కనుక్కోవాలి. మన త్రైరాశికమే. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టిన నాటి నుంచి మనవాళ్లకు కరతలామలకం. స్పినోజా అంటాడు: వర్తకులు రెండోదాన్ని మూడోదాంతో హెచ్చించి మొదటిదాంతో భాగిస్తారు. ఎందుకంటే పంతులు చెప్పాడని, లేదా చిన్న సంఖ్యల మీద చాలాసార్లు సరిపోయిందని. యూక్లిడ్ చదివినవాడు అనుపాతం ధర్మాన్ని బట్టి చేస్తాడు. కానీ 1, 2, 3 ఇస్తే నాలుగోది 6 అని ఎవరికైనా ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఏ సూత్రమూ అక్కర్లేదు. జవాబు ముగ్గురిదీ ఒకటే, తెలుసుకున్న తీరు మూడు రకాలు. ఆయన జ్ఞాన సిద్ధాంతమంతా ఈ చిన్న లెక్కలో ఉంది. గణితాన్ని అలంకారానికి వాడేవాడికి ఇంత సూటి ఉదాహరణ తట్టదు.

ఇంకొకటి, 1663 ఏప్రిల్‌లో స్నేహితుడు లోడెవైక్ మేయర్‌కు అనంతం మీద రాసిన ఉత్తరం. ఒక వృత్తం లోపల ఇంకో వృత్తం, కేంద్రాలు వేరు. రెండు వృత్తాల మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. గరిష్ఠం తెలుసు, కనిష్ఠం తెలుసు. ఆ రెంటి నడుమ ఎడం ఎన్ని రకాలుగా మారుతోందో చెప్పమంటే ఏ సంఖ్యా సరిపోదు. జాగా చాలా పెద్దది కావడం వల్ల కాదు, ఎందుకంటే రెండు వైపులా హద్దులున్నాయి. చిన్న ముక్క తీసుకున్నా అదే పరిస్థితి. సంఖ్య, కొలత, కాలం అనేవి ఊహకు ఊతకర్రలు, వాటితో అనంతాన్ని పట్టబోతే చిక్కులే వస్తాయి అంటాడు. హద్దులు లేనిది ఒక అనంతం, హద్దులున్నా లెక్కకు అందనిది ఇంకో అనంతం అని ఇంత స్పష్టంగా విడదీయడం, అదీ కలన గణితం ఇంకా అచ్చులోకి రాకముందు! ఈ ఉత్తరం ప్రతిని లైబ్నిజ్ సంపాదించి, పక్కన తన వ్యాఖ్యలు రాసుకుంటూ చదివాడు.

గోదారిగట్టు:
ఆ వృత్తాల ఉదాహరణ చాలా బాగుంది తమ్ముడూ. కాగితం మీద గీసి చూశాను.

పుస్తకాలపురుగు:
ఇక నా మొదటి ప్రశ్న మిగిలింది. ఉపపత్తుల రూపం వేషమా, కాదా?

నీలిసిరా:
దీనికి ‘ఎథిక్స్’ కన్నా ముందు 1663లో వచ్చిన పుస్తకం చూడాలి. బతికుండగా తన పేరుతో వచ్చిన ఒకే ఒక్క పుస్తకం అది. డెకార్ట్ ‘సూత్రాలు’ను జ్యామితి పద్ధతిలో తిరగరాశాడు. రైన్స్‌బుర్హ్‌లో తనతో ఒకే ఇంట్లో ఉన్న కాసేరియస్ అనే కుర్రాడికి పాఠం చెప్పడానికి మొదలుపెట్టిన పని. (ఆ కుర్రాడే తరువాత డచ్చి కంపెనీ తరఫున మతబోధకుడిగా కొచ్చిన్ వచ్చి, మలబారు మొక్కల మహాగ్రంథం ‘హోర్టస్ మలబారికస్’కు పనిచేశాడు. కాసేరియా అనే చెట్ల ప్రజాతికి ఆయన పేరే పెట్టారు. ఆ ప్రజాతి చెట్లు మన తూర్పు కనుమల్లో కూడా ఉన్నాయి.)

సరే, విషయానికి వస్తే, ఆ పుస్తకానికి మేయర్ రాసిన ముందుమాటలో ఒక సంగతి స్పష్టంగా ఉంది. ఇందులో నిరూపించినవన్నీ రచయిత ఒప్పుకున్నవి కావు అని. అంటే తాను తప్పనుకున్న మాటను కూడా జ్యామితి రూపంలో పేర్చవచ్చని స్పినోజాకు బాగా తెలుసు. రూపం ఉంటే చాలు సత్యం వచ్చేస్తుందని నమ్మిన అమాయకుడు కాదు. మీ క్లాసులో చెప్పిన మాటకు ఇంతవరకు బలం ఉంది.

కానీ ‘ఎథిక్స్’ మొదటి భాగం చివర ఉన్న అనుబంధం చదవండి. లోకంలో ప్రతిదీ ఏదో ప్రయోజనం కోసమే జరుగుతుందని మనుషులు అనుకుంటారు. ఇంటికప్పు మీద నుంచి రాయి పడి ఒకడు చచ్చిపోతే, అతన్ని చంపడానికే పడిందంటారు. గాలి వీచింది, అతను ఆ దారిన వెళ్తున్నాడు అని మీరు చెబితే, గాలి అప్పుడే ఎందుకు వీచింది, అతను అటే ఎందుకు వెళ్లాడు అని అడుగుతూ పోతారు. చివరకు దేవుడి సంకల్పం అనే దాకా, అంటే అజ్ఞానానికి ఆశ్రయం దొరికే దాకా వదలరు. గణితం లేకపోయి ఉంటే మనుషులకు సత్యం ఎప్పటికీ అందేది కాదు అంటాడు ఆ సందర్భంలోనే. త్రిభుజం మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలు ఎందుకయింది, ఎవరి మేలు కోసం, అని ఎవరూ అడగరు కదా. ప్రయోజనం ప్రసక్తి లేకుండా, స్వభావం నుంచి ధర్మం ఎలా వస్తుందో చూపించే జ్ఞానం ఒకటుందని గణితం మనుషులకు రుచి చూపించింది.

జ్యామితి ఆయనకు అందుకోసం కావాలి. మూడో భాగం మొదట్లో, మనుషుల చేతలనూ కోరికలనూ రేఖలు, తలాలు, ఘనాలు అన్నట్టే పరిశీలిస్తానంటాడు. కోపాన్నీ అసూయనూ తిట్టకుండా, ఎగతాళి చేయకుండా, అవి ఏ కారణం నుంచి ఎలా పుడతాయో చూడాలి. ఇది వేషమైతే లోపల మనిషి వేరేగా ఉండాలి. చదివి చూడండి, లోపలా అదే మనిషి ఉన్నాడు.

సురేకారం:
నీలిసిరా గారి మాటకు నా సైన్సు వైపు నుంచి ఒక జోడింపు. రెండో భాగంలో 13వ ప్రతిపాదన తరువాత వస్తువుల గురించి చిన్న ప్రకరణం వస్తుంది, చాలామంది దాటేస్తారు. వస్తువులు ఒకదాని నుంచి ఒకటి వేరయ్యేది చలనం, నిశ్చలత, వేగం, మందగతుల వల్లే, వేరే ద్రవ్యం వల్ల కాదు అంటాడు. సురేకారం ఉత్తరంలో వాదించింది సరిగ్గా ఇదే! బాయిల్‌తో తగవులో పైకి వచ్చిన ఆలోచనే పదిహేనేళ్ల తరువాత అచ్చయిన మహాగ్రంథంలో పునాదిగా కూర్చుంది.

తరువాత, భాగాలు మారిపోతున్నా వాటి మధ్య చలన నిష్పత్తి నిలిచి ఉంటే ఆ వస్తువు అదే వస్తువు అంటాడు. మన ఒంట్లో పదార్థం ఎప్పటికప్పుడు మారిపోతూ ఉన్నా మనం మనమే. 1665 ఉత్తరంలో దీనికే రక్తంలో పురుగు ఉదాహరణ ఇచ్చాడు. రక్తంలో బతికే ఒక పురుగు ఉందనుకోండి, చూపూ తెలివీ ఉన్నది. అది ఒక్కో రేణువునూ విడి వస్తువుగానే చూస్తుంది, అన్నీ కలిసి రక్తం అనే ఒక్కటి అవుతున్నాయని దానికి తెలియదు. లోకంలో మనం అలాంటి పురుగులమే అంటాడు. మైక్రోస్కోపు పనిలో పేరున్న లేవెన్‌హుక్ ఎర్ర రక్తకణాల గురించి రాయడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది అప్పటికి.

గోదారిగట్టు:
నా ‘ఒక్క సూత్రం’ ప్రశ్న అలాగే ఉంచుతాను, ఎందుకంటే జవాబు లేదనే కదా తేలింది. కానీ సైన్సు చేయడమంటే కొత్త సూత్రం కనిపెట్టడం ఒక్కటే కాదు, కనిపెట్టినవాడిని ‘ఇది నీ ప్రయోగంతో నిజంగా తేలిందా’ అని నిలదీయడం కూడా. బాయిల్‌ను అలా అడిగినవాడిని మాకు ఏ పాఠంలోనూ చూపించలేదు.

ఒక్క సందేహం. పదార్థంలోనే చలనం ఉందన్నాడు సరే, మరి దాన్నుంచి ఇన్ని రకాల వస్తువులు ఎలా వచ్చాయో రాబట్టాడా?

నీలిసిరా:
లేదు. చిర్న్‌హౌస్ సరిగ్గా ఇదే అడిగాడు. 1676 జులై 15న వచ్చిన జవాబులో, ఒట్టి విస్తారం నుంచి అది కుదరదు, డెకార్ట్ పదార్థాన్ని సరిగా నిర్వచించలేదు, నాకు ఆయుష్షు ఉంటే దీని మీద ఎప్పుడైనా ఇంకా స్పష్టంగా మాట్లాడతాను, ఇప్పటిదాకా ఏదీ క్రమంగా పెట్టలేకపోయాను అన్నాడు. తరువాతి ఫిబ్రవరిలో పోయాడు. కాబట్టి ఆయన భౌతికశాస్త్రం అసంపూర్ణం అని నిస్సంకోచంగా రాయి తల్లీ, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు.

సెమినార్‌కు ఉత్తరాలు ఈ వరసలో చదువు. ముందు 6, 13, సురేకారం కోసం. తరువాత 32, అందులో పురుగు, చలన నియమాలు, చేత్తో పాలిష్ మూడూ ఒకేచోట దొరుకుతాయి. ఆపైన 36, 39, 40. చివర 81, 83. పన్నెండోది మాత్రం తీరిగ్గా ఉన్నప్పుడు, కాగితమూ వృత్తలేఖినీ దగ్గర పెట్టుకుని చదువు. ఆ రెండు వృత్తాలూ నీ చేత్తో గీసుకోకపోతే ఆ పేరా బుర్రకెక్కదు.